కొలత బోర్లించినంతసేపు

ఏమోయ్, గుమ్మంలో వెలుగుకి అడ్డంగా నిలబడ్డవాడా, నిన్నే. ఇలా వచ్చి కూర్చో. నీ మొహం చూస్తే నూనె కొలిచేవాడికి పండగే. కొలత పైదాకా నిండిందా లేదా అని కళ్లు పెద్దవి చేసి చూస్తావు, వంపేశాక అడుగున ఎంత మిగిలిందో మాత్రం చూడవు. పక్కన కిసుక్కుమన్న అమ్మాయ్, నువ్వు అంతకంటే ఘనురాలివి. మొన్న ఖాళీ అయిందని పారేసిన సీసాని కాసేపు బోర్లించి ఉంటే ఒక పూట దీపం వెలిగేది. నూనె అంటే నీళ్లు కాదర్రా. నీళ్లని పొమ్మంటే పోతాయి. నూనె అలా కాదు, పెళ్లికొచ్చిన మేనత్తలాగా వెళ్లొస్తాను వెళ్లొస్తాను అంటూ గుమ్మం పట్టుకుని నిలబడుతుంది. గుమ్మం దగ్గర నిలబడిపోయిన ఆ చివరి నూనె కోసమే మా గల్లిపోలి రేవులో ఒకప్పుడు కోర్టు పెట్టారు. ఆ కోర్టు తలుపు బయట కూర్చున్న పాంతలేయో సంగతి చెబుతాను. నూనె వ్యాపారి, యాభై దాటినవాడు, ఊరు మొత్తాన్ని ముప్పై ఏళ్లు బుట్టలో పెట్టిన మొనగాడు. మరి నువ్వు రెండు రోజులు కూడా పెట్టలేవు, అందుకని నోరు మూసుకుని విను.

గవర్నరు గారి భవనం మేడ మీద, మూసిన తలుపు పక్కన, గోడకి చేరేసిన బల్ల మీద కూర్చున్నాడు పాంతలేయో. తలుపు అవతల లెచ్చె నుంచి వచ్చిన జడ్జిగారు ఉన్నారు, సాక్ష్యం రాసుకునే గుమాస్తా ఉన్నాడు, వెండి అట్ట వేసిన సువార్త పుస్తకం ఉంది. ఈ నిమిషాన ఆ పుస్తకం మీద చెయ్యి వేసి ఉన్నవాడు ముసలి బ్రీత్సియో, ఒకప్పుడు రేవులో నూనె కొలిచేవాళ్లకి పెద్ద, పాంతలేయోకి జ్ఞానతండ్రి. ఆయన బయటికి రాగానే లోపలికి వెళ్లవలసింది తను. మధ్యాహ్నం వేళ. సిరొక్కో గాలి సముద్రం మీద నుంచి తడి దుప్పటిలా వచ్చి ఊరి మీద పడుకుంది. కిటికీ రెక్కలు సగం మూసి ఉన్నాయి. సందులోంచి పడ్డ ఎండ నేల మీద నూనె ఒలికినట్టు పరుచుకుని ఎంతకీ ఇంకడంలేదు. కింద ఎక్కడో, మెట్లకీ గదులకీ కింద, రాయి తొలిచి చేసిన నూనె బావిలో, టప్. తరవాత చాలాసేపు ఏమీ లేదు. మళ్లీ, టప్. చుక్క నిజంగా పడుతోందా, తన చెవిలోనే పడుతోందా అన్నది అతనికి తేలడంలేదు. ఈ ఊళ్లో ఇల్లంటే అంతే, కింద నూనె, పైన మనుషులు. వంట, కాపురం, తగువు, ప్రసవం, చావు, అన్నీ నూనె మీదే. రాత్రిళ్లు మంచం మెల్లగా కదిలినట్టుంటుంది. పెళ్లయిన కొత్తలో భార్యకి చెప్పాడు, మనం పడుకున్నది రాతి మీద కాదే, తేలుతున్న వత్తి మీద, ఎవరో వచ్చి కొసని వెలిగించేదాకా నిద్రపో అని. ఆవిడ భయపడి నిద్రపోలేదు. తను పడీపడీ నవ్వాడు. ఇప్పుడు ఆ వత్తి కొస మీద కూర్చున్నది తనే అనిపిస్తోంది.

లోపల ఏమడుగుతారో తెలుసు. వారం నుంచి అందర్నీ అదే అడుగుతున్నారు. ఓడకి నూనె కొలిచేటప్పుడు, రాగి కొలతని పీపాలోకి వంపాక, దాన్ని రేవు గట్టు మీదున్న రాతి తొట్టి మీద బోర్లించి, ఒక మరియమ్మ జపం అయ్యేంతసేపు పట్టుకుంటారు కదా. ఆ తొట్టిలోకి కారింది కొన్నవాడిదీ కాదు, అమ్మినవాడిదీ కాదు, పీపాలు మోసి మోసి పోయిన కూలీల పెళ్లాలది కదా. ఈ పద్ధతి ఎప్పటి నుంచి ఉంది? ఎవరికీ గుర్తులేనంత కాలం నుంచీ ఉంటే చట్టం కూడా దానికి తల వంచుతుంది. అలా కాదు, మధ్యలో ఎవడో పుట్టించాడని తేలితే తొట్టి ఈ సాయంత్రానికే ఎత్తేస్తారు. ఎత్తించాలని కాగితం పెట్టినవాడు లివోర్నో నుంచి వచ్చిన కొత్త కొనుగోలు ఏజెంటు. కొలతకి అంటుకున్న చుక్క కూడా తనదేనట. ఊరి తరఫున వ్యాపారులందరూ సాక్ష్యం ఇస్తున్నారు. ఏజెంటు తన తరఫున ఒకే ఒక్క పేరు రాయించాడు. పాంతలేయో.

ఎందుకంటే దాన్ని పుట్టించింది పాంతలేయోనే.

టప్. ఆ రోజు పొద్దున్న కూడా ఇలాంటి గాలే. ఇరవై ఏళ్ల పాంతలేయో, ఆలివ్ తోటల మధ్య పల్లె నుంచి అదే మొదటిసారి సముద్రం చూడటం. అంతవరకూ సముద్రమంటే నాయనమ్మ చెప్పిందే, ఆకాశాన్ని తలకిందులు చేసి వంపేస్తే అడుగున మిగిలిందని. నిజంగా అలాగే ఉంది, అంచుల్లో జిడ్డుగా మెరుస్తూ. వెనక ఊరు ఊరంతా పల్లెలో గానుగ వాసనే వేస్తోంది, అదొక్కటే ధైర్యం. కొత్త ముదురాకుపచ్చ కోటు వేసుకున్నాడు, నాయనమ్మ కుట్టింది, చేతులు కొంచెం పొడవు. జేబులో బతికున్న తొండ ఉంది, ఎవరి చేతిలోనైనా పెడదామని. బ్రీత్సియో అతన్ని పీపాల పక్కన నిలబెట్టి, చూసి నేర్చుకో, మాట్లాడకు అన్నాడు. చూడటం వచ్చుగాని మాట్లాడకపోవడం ఎలాగో అప్పటికి తెలియదు, ఇప్పటికీ తెలియదు. ఎదురుగా ఇంగ్లీషు ఓడ కెప్టెను, మరియమ్మకి దండం పెట్టని దేశంవాడు, ఎర్రగడ్డం, గడ్డం కంటే ఎర్రటి మొహం, పెద్ద టోపీ. ఆ పొద్దున మొదటి కొలత. నూనె బావిలోంచి పైకి వచ్చింది, బంగారం పట్టీలా మడతపడుతూ పీపాలోకి దిగింది, పట్టీ సన్నబడింది, దారమైంది, దారం తెగి ముత్యాలైంది. అప్పుడు దొర తన వైపు తిరిగాడు. వచ్చీరాని మన భాషలో అడిగాడు.

"అయిపోయిందా అబ్బాయ్? మూత బిగించమంటావా?"

తననే ఎందుకు అడిగాడో. కోటు చూసి పెద్దమనిషి అనుకున్నాడని అప్పుడే తేల్చుకున్నాడు పాంతలేయో. అంతే, కడుపులోంచి ఏదో తన్నుకుంటూ పైకొచ్చింది, తొండ కాదు, మాట.

"అంత తొందరైతే ఎలా దొరగారూ. మా రేవులో కొలతని బోర్లించి పట్టుకోవాలి. అందరూ టోపీలు తీసి ఒక మరియమ్మ జపం చెప్పాలి. ఈలోపు తొట్టిలోకి కారింది మొగుడు పోయిన ఆడవాళ్లది. ఇది తాతల నాటి పద్ధతి."

ఆడవాళ్ల సంగతి ఎలా తట్టిందంటే, నల్లబట్టలు కట్టుకున్న కొందరు గోడ నీడలో కూజాలు ఒళ్లో పెట్టుకుని కూర్చుని కనిపించారు. చేపల కోసం వచ్చి ఉంటారు పాపం, వాళ్లని కూడా కథలోకి లాగేశాడు. తొట్టి కూడా అక్కడే ఉంది, సరిగ్గా కాళ్ల దగ్గర, చిలిపివాడికి దేవుడే సామాను అందిస్తాడన్నట్టు. దొర కనుబొమలు పైకెత్తి ఒక్క క్షణం చూశాడు. తరవాత టోపీ తీసి, అబ్బ, ఆ తీయడం, రాజుగారి ముందు తీసినట్టు తీసి, దాన్ని మొహానికి అడ్డంగా పట్టుకుని తల వంచాడు. కూలీలు తల వంచారు. బ్రీత్సియో ఒక్క మాట అడగకుండా కొలతని తొట్టి అంచుకి ఆనించి బోర్లించాడు. రేవంతా నిశ్శబ్దం. పడవ తాళ్లు కూడా కిర్రుమనలేదు. ఆ నిశ్శబ్దంలో ఒక్కొక్క చుక్కా కొలత పెదవి దగ్గర వేలాడి, బరువెక్కి, లోపల చిన్న సూర్యుణ్ణి పెట్టుకుని, ఇక పోనా అని అడిగి, టప్. పాంతలేయో బుగ్గ లోపలివైపు పళ్లతో నొక్కి పట్టుకున్నాడు, నవ్వు ఆగక రక్తం వచ్చింది. ఎవరితోనూ ముందుగా అనుకోలేదు, ఎవరికీ సైగ చెయ్యలేదు. ఒక్క అబద్ధానికి రేవు మొత్తం తలలు వంచింది. ఆ రుచి, రక్తమూ నవ్వూ కలిసిన ఉప్పటి రుచి, ఇప్పటికీ నాలుక మీద ఉంది. ఆ తరవాత జీవితంలో ఎన్ని వేషాలు వేశాడు, గవర్నరు గుర్రం తోకకి గంట కట్టాడు, పన్నులాయన విగ్గులో పిల్లిపిల్లని దాచాడు, ఒక్కటీ దాని కాలిగోటికి సరిపోలేదు.

ఆ సాయంత్రం బ్రీత్సియో ఇంట్లో రెండో గ్లాసు తాగి ఉన్నదంతా చెప్పేశాడు. పెద్దయ్యా, అది నేనే పుట్టించాను, అక్కడికక్కడే అన్నాడు.

"నువ్వా? తాతల నాటిదని కూడా అన్నావు గదరా."

"అన్నాను."

బ్రీత్సియో గోడవైపు తిరిగి చాలాసేపు దగ్గాడు. ఆ రోజుల్లో ఆయనకి దగ్గు ఎక్కువ. తిరిగేసరికి కళ్లలో నీళ్లు. భుజం మీద చెయ్యి వేశాడు. "ఒరే లేయో, ఎంత పని చేశావురా. ఇది బయటపడితే ఇద్దర్నీ ఉరి తీస్తారు. దొరకి ఒకసారి చేసి చూపించాం కాబట్టి ఇక ప్రతి ఓడకీ చెయ్యాల్సిందే, తప్పదు. ఎవ్వరితోనూ అననని ఒట్టెయ్యి." రొట్టె మీద చెయ్యి పెట్టి ఒట్టేశాడు పాంతలేయో.

ఏళ్లు కూడా నూనెలాగే కారాయి, మొదట పట్టీలా, తరవాత దారంలా, ఇప్పుడు చుక్కలుగా. ప్రతి ఓడకీ కొలత బోర్లించారు. తను పక్కన నిలబడితే కూలీలు జపాన్ని మరీ నెమ్మదిగా, మరీ భక్తిగా, తన వంక చూస్తూ చెప్పేవాళ్లు. అమాయకులు అనుకునేవాడు. అమాయకుల మీద ప్రేమ పుడుతుంది. మొగుళ్లు పోయిన ఆడవాళ్లు పండగ ముందు తొట్టి నూనెలో పిట్టులె అనే గుండ్రటి పిండి ఉండలు వేయించి, మొదటి వాయి ఒక ఆకులో కట్టి తనకే పంపేవాళ్లు. ఇంతమంది వ్యాపారులుండగా నాకే ఎందుకు అని అడిగితే, నీ మొహం గుండ్రంగా పిట్టులె లాగే ఉంటుంది గదా అనేవాళ్లు, అని ఒకరి వెనక ఒకరు దాక్కునేవాళ్లు. ప్రతి ఏడూ ఈస్టరు ముందు ఫాదర్ తద్దేయో దగ్గర పాపసంకీర్తనం చేసేవాడు. ఫాదర్, తొట్టి సంగతి, అదే, పోయినేడు చెప్పినదే. జాలీ అవతల ఫాదర్ భుజాలు కదులుతూ ఉండేవి. తన ఆత్మ కోసం ఏడుస్తున్నాడనుకుని పాంతలేయోకి కూడా ఏడుపొచ్చేది. ప్రాయశ్చిత్తం ఎప్పుడూ ఒక్కటే, ఒక మరియమ్మ జపం. ఇంత పెద్ద పాపానికి అంత చిన్న ప్రాయశ్చిత్తమేమిటని ఒకసారి అడిగాడు కూడా. నాయనా, సరిపోతుంది పో, త్వరగా పో అన్నాడు ఫాదర్.

కిటికీ సందులో ఎండ కొంచెం జరిగింది. ఆ వెలుగులో నాయనమ్మ చెయ్యి కనిపించింది. నరాలు తేలిన సన్నటి చెయ్యి, మట్టి కూజాని గిన్నె మీద బోర్లించి పట్టుకుని. పల్లెలో, చలికాలం, పొయ్యి వెలుగు. ఆవిడ పెదవులు కదులుతున్నాయి. ఏం చెబుతున్నావు నానమ్మా అంటే, నూనెతో మాట్లాడుతున్నానురా, తొందరపెట్టకు అనేది. ఆవిడ ఈ ఊరి పిల్లే, ఇక్కడి నుంచే పల్లెకి కోడలుగా వెళ్లింది. పెదవులు ఆగిపోయాక కూజా ఎత్తి పెట్టేది. ఆ గిన్నెలో నూనె పక్కింటి ముసలమ్మకి వెళ్లేది. ఎందుకు గుర్తొచ్చిందో ఇప్పుడు. ఆవిడ ఎప్పుడూ ఇలాగే, పిలవని చోట ప్రత్యక్షమై, కోటు చేతులు పొడవుగా ఉన్నాయా, తెచ్చివ్వు, కుదిస్తాను అంటుంది. కుదించకు నానమ్మా, అవి పొడవుగానే ఉండనీ.

టప్.

ఆ ఒట్టు పోయింది. అదే అసలు బాధ. మొన్న చలికాలంలో సారాకొట్టులో లివోర్నో ఏజెంటు గ్లాసు ముందు పెట్టుకుని గొణిగాడు, ఈ తొట్టి ఆచారం ఎక్కడిదయ్యా మీ ఊళ్లో, ఏ చట్టంలోనూ లేదు. ముప్పై ఏళ్లు దాచిన మాట ఎంత బరువో దాచినవాడికే తెలుసు. తను చేసిన ఇంత గొప్ప పని ఒక్కడికీ తెలియకుండా పోతానేమోనని దిగులు. నవ్వుతూ అనేశాడు, "దాని అమ్మెవరో నాకు తెలియదు గాని బాబూ, అబ్బ మాత్రం మీ ఎదురుగా కూర్చుని తాగుతున్నాడు." ఏజెంటు గ్లాసు కింద పెట్టాడు. అంత నెమ్మదిగా గ్లాసు కింద పెట్టడం పాంతలేయో ఎన్నడూ చూడలేదు. ఆ గ్లాసు ఇంకా దిగుతూనే ఉంది, ఇంకా బల్లకి తగల్లేదు, తగిలేసరికి తను ఈ బల్ల మీద కూర్చుని ఉన్నాడు.

పొద్దున్న వస్తుంటే దారిలో ఫిలిప్పా ఎదురైంది. కోలా పెళ్లాం. కోలా ఆ మొదటి రోజున తల వంచినవాళ్లలో ఒకడు, మంచి కూలీ, మంచి తాగుబోతు, ఓడ పలక మీద పీపా కింద నలిగి పోయాడు. అప్పటి నుంచీ ఫిలిప్పా ఇంట్లో దీపమూ రొట్టె మీద తడీ ఆ తొట్టిలోవే. చంకలో ఖాళీ కూజా.

"ఏంటి లేయో అన్నా, మొహం అలా పెట్టావు? సాక్ష్యానికే గదా, పెళ్లిచూపులకి కాదుగా."

"ఏం చెప్పాలో ఆలోచిస్తున్నానమ్మా."

"నిజమే చెప్పు, చాలు. నీకు అలవాటు లేదనుకో, ఈ ఒక్కసారికి కష్టపడు."

నవ్వి వెళ్లిపోయింది. ఖాళీ కూజా నడకకి ఊగుతోంది. పిచ్చిది, దానికేం తెలుసు. నిజం చెబితే ఆ కూజా ఇంక ఎప్పుడూ అలాగే ఊగుతుంది. చెప్పకపోతే, పుస్తకం మీద చెయ్యి. సువార్త మీద చెయ్యి వేసి అబద్ధమాడినవాడికి నరకంలో ఏం చేస్తారో ఫాదర్ చెప్పలేదు గాని పాంతలేయోకి ఇప్పుడు కళ్ల ముందే కనిపిస్తోంది, ఈ వేడిలో, ఈ పచ్చటి వెలుగులో. ఎవడో పెద్ద చేతులవాడు తన మడమలు రెండూ పట్టుకుని రాతి తొట్టి మీద బోర్లించాడు. తనలోంచి కారుతున్నాయి. గుర్రం తోక గంట కారింది, పిల్లిపిల్ల కారింది, భార్యకి చెప్పిన వత్తి కథ, తొండ, ఆకుపచ్చ కోటు, అన్నీ పట్టీలా, దారంలా, చుక్కలుగా. అడుగున ఒక్క చుక్క అంటుకుని రావడంలేదు. పెద్ద చేతులవాడు ఎదురుచూస్తున్నాడు. ఎంతసేపు పట్టుకుంటావయ్యా అంటే, జపం అయ్యేదాకా అంటున్నాడు. జపం చెప్పేవాళ్లు చెబుతూనే ఉన్నారు, మరీ నెమ్మదిగా, మరీ భక్తిగా, తన వంక చూస్తూ. ఆ చివరి చుక్క ఏమిటో తలకిందులుగా వేలాడుతూ చూడాలని ప్రయత్నించాడు. గుండ్రంగా ఉంది. దాంట్లో సూర్యుడు లేడు. చిన్న దీపం ఉంది, ఫిలిప్పా గదిలో గూట్లో పెట్టే దీపం. సరే, వదిలెయ్ అన్నాడు పాంతలేయో. ఇంత బతుకూ ఊరికే నవ్వుకోవడానికి అబద్ధాలాడాను. ఒక్కటి పనికొచ్చేది ఆడి పోతాను. నరకం వెచ్చగా ఉంటుంది, నాకు మోకాళ్ల నొప్పులు కూడాను.

తలుపు తెరుచుకుంది. బ్రీత్సియో కర్ర తాటిస్తూ బయటికొచ్చాడు, చూపు దాదాపు పోయింది, గాలిలోనే లేయో ఉన్న చోటు పసిగట్టాడు.

"ఉన్నావా? పో. జడ్జిగారు మంచాయనే. నేను ఇక్కడే కూర్చుంటా, కాళ్లు లాగుతున్నాయి."

"పెద్దయ్యా, నా కోసం ఒక జపం చెప్పు."

"ఒక్కటి చాలా?" అన్నాడు ముసలాయన.

లోపల వెలుతురు తక్కువ. జడ్జిగారికి ముక్కు మీద కళ్లద్దాలు, గుమాస్తాకి వేళ్ల మీద సిరా, మూల కుర్చీలో లివోర్నో ఏజెంటు, పెళ్లికొడుకులా కూర్చుని. మధ్యలో నేల మీద తొట్టి. సాక్ష్యం కోసం రేవు నుంచి నలుగురు మోసుకొచ్చారట. గదిలో చూస్తే అది వేరుగా ఉంది, ఎవరో చుట్టాన్ని పక్క ఊళ్లో చూసినట్టు. పుస్తకం మీద చెయ్యి వేశాడు. వెండి చల్లగా తగిలింది. జడ్జిగారు అడిగారు, ఈ కొలత బోర్లించే పద్ధతి ఎప్పటి నుంచి ఉంది, ఎవరు మొదలుపెట్టారు, నీకు తెలిసింది చెప్పు. చెప్పి ఎందుకో కళ్లద్దాలు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు. గుమాస్తా కలం ఎత్తి పట్టుకుని పెదవి కొరుక్కుంటున్నాడు. ఏజెంటు ముందుకి వంగాడు. పాంతలేయో తొట్టి వంకే చూస్తున్నాడు. దాని అంచు ఒకచోట అరిగి లోపలికి దిగి ఉంది, సగం చందమామలాగా, మెత్తగా, పిల్లల బుగ్గలాగా. చెయ్యి పెట్టి నిమరాలనిపించింది. టప్, కింద ఎక్కడో.

"అయ్యా, ఎప్పటి నుంచి ఉందో ఎవరికీ తెలియదు. మా తాతల కంటే ముందు నుంచీ ఉంది. ఎవరూ పుట్టించలేదు."

ఏజెంటు లేచి నిలబడ్డాడు. "సారాకొట్టులో నాతో అన్నావు గదా, అబ్బ నేనేనని."

"తాగి ఉన్నానండి. తాగితే మన పోప్ గారి తాతకి కూడా అబ్బ నేనే అంటాను."

గుమాస్తా బల్ల కిందికి వంగిపోయాడు, కలం పడిందని. జడ్జిగారు కళ్లద్దాలు పెట్టుకుని, ఏజెంటు వైపు చూడకుండా, సాక్షి ఉన్నది ఉన్నట్టు చెప్పాడు, అలాగే రాసుకో అన్నారు. తొట్టి తిరిగి రేవుకి పంపించమన్నారు. అంతే. నరకానికి పోవడం ఇంత తేలికా అనుకున్నాడు పాంతలేయో. నేల చీలలేదు.

బయటికొచ్చి బ్రీత్సియో పక్కన కూలబడ్డాడు. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోలేదు, ఎంతసేపు కారతాయో కారనీ అని.

"ఏం చెప్పావురా?"

"అబద్ధం చెప్పాను పెద్దయ్యా. పుస్తకం మీద చెయ్యి వేసి చెప్పాను. తాతల నాటిదని. ఫిలిప్పా కోసం. నేనింక దక్కను."

ముసలాయనకి దగ్గు మొదలైంది. అదే దగ్గు, ముప్పై ఏళ్ల కిందట గోడవైపు తిరిగి దగ్గిన దగ్గు. ఈసారి గోడవైపు తిరిగే ఓపిక లేక ఎదురుగానే దగ్గాడు. అది దగ్గు కాదని పాంతలేయోకి అప్పుడు కనిపించింది.

"ఒరే లేయో," అన్నాడు కర్ర మీద గడ్డం ఆనించి, "తొట్టి అంచు చూశావా?"

"చూశాను. అరిగింది."

"రాయి ముప్పై ఏళ్లలో అరుగుతుందా?"

ఎండ కదలడం మానేసింది. కింద చుక్క కూడా గాలిలోనే ఆగినట్టుంది. పల్లెలో పొయ్యి వెలుగు, బోర్లించిన కూజా, కదులుతున్న పెదవులు, ఈ ఊరి పిల్ల. గోడ నీడలో కూజాలు ఒళ్లో పెట్టుకున్న ఆడవాళ్లు, వాళ్లు చేపల కోసం రాలేదు. సరిగ్గా కాళ్ల దగ్గరున్న తొట్టి. అడక్కుండానే వంగిన తలలు. జాలీ వెనక కదిలే భుజాలు.

"నువ్వు ఆ పొద్దున్నే దిగావు, ఒక్క కొలత కూడా చూసి ఎరగవు," అన్నాడు బ్రీత్సియో. "మీ నాయనమ్మ నాన్న ఈ రేవులో కొలిచినవాడే, ఆవిడ నీకేం చెప్పిందో ఏమో, మేం రోజూ చేసేదే నువ్వు మాకు నేర్పావు. సాయంత్రం వచ్చి నేనే పుట్టించానన్నావు. ఆ మొహంలో ఆ వెలుగు చూసి ఎలా ఆర్పనురా. మర్నాటికి ఊరందరికీ చెప్పాను, కుర్రాడి ముందు ఎవరూ నోరు జారకండని. కొత్తగా పెళ్లయి వచ్చిన కోడళ్లకి కూడా ముందు అదే చెబుతాం."

"మరి కోర్టులో నేను నిజం... అదే, అబద్ధం... నేనే పుట్టించానని చెప్పేసి ఉంటే?"

"సాక్ష్యానికి వచ్చిన ప్రతివాడూ జడ్జిగారితో చివర ఒక మాట అన్నాడు, పాంతలేయో వచ్చి అది తనదే అంటాడండి, నవ్వకండి అని. తొట్టికేం ఢోకా లేదు. నువ్వేం చెబుతావా అనే అందరికీ సరదా. సగం ఊరు నువ్వు గొప్ప కొట్టుకుంటావని పందెం, సగం ఊరు నోరు పెగలదని పందెం. ఫిలిప్పా ఒక్కతే అంది, వాడు మా కోసం అబద్ధమాడి నరకానికి పోతాడు చూడండి అని."

పాంతలేయో బతుకు మొత్తం మీద పుస్తకం సాక్షిగా ఒకే ఒక్క నిజం చెప్పాడు, అదీ అబద్ధమనుకుని చెప్పాడు. నరకానికి కూడా సరిగ్గా పోలేకపోయాడు. బుగ్గ లోపల పాత గాయం ఉన్న చోట నాలుకతో తడుముకున్నాడు. నవ్వు వస్తోందో ఏడుపు వస్తోందో, రెండూ ఒకే దారిలో, నెమ్మదిగా, అంచు దగ్గర వేలాడుతూ.

"పోనీ పెద్దయ్యా," అన్నాడు చివరికి, మునిగేవాడు పీపా చెక్క పట్టుకున్నట్టు, "ఊరు నన్ను బోల్తా కొట్టిస్తే కొట్టించింది. ఆ ఎర్రగడ్డం దొరనైతే నేనే బోల్తా కొట్టించాను గదా. మరియమ్మ పేరు చెబితే మండిపడే దేశంవాడి చేత టోపీ తీయించాను. అది నాదేగా."

బ్రీత్సియో అతని మోకాలి మీద మెల్లగా తట్టాడు.

"ఆయన అప్పటికే ఎన్నో ఏళ్లుగా మన రేవుకి వస్తున్నాడురా. ప్రతి కొలతకీ టోపీ తీసేవాడు. కొత్త కోటు చూసి నిన్ను కావాలని కదిపిందీ ఆయనే. నువ్వు చెప్పడం అయ్యాక టోపీ చాటు నుంచి మా అందరికీ కన్ను గీటి, కుర్రాడు ముచ్చటపడుతున్నాడు, కానివ్వండి అన్నట్టు తల ఊపిందీ ఆయనే."